ఎన్‌క్లేవ్‌లో కంటైనర్లు: మూడేళ్లు నడిపాక

మూడేళ్లుగా మా కుబర్నెటీస్ క్లస్టర్‌లో (కంటైనర్లను నడిపే మెషీన్ల గుంపులో) ఒక పైథాన్ సర్వీసును ఇంటెల్ ఎస్‌జీఎక్స్ ఎన్‌క్లేవ్‌లో, అంటే ప్రాసెసరే తాళం వేసి కాపాడే మెమరీ గదిలో, నడుపుతున్నాను. వేర్వేరు ఆసుపత్రుల నుంచి వచ్చే రికార్డుల్లో ఒకే రోగివి ఏవో తేల్చడం దాని పని. నోడ్ (క్లస్టర్‌లోని ఒక మెషీన్) మీద రూట్, అంటే పూర్తి, అధికారం ఉన్నవాళ్లకు, అంటే నాక్కూడా, ఆ రికార్డులు కనపడకూడదన్నది ఒప్పందంలో మొదటి షరతు. డిస్క్ మీదా నెట్‌వర్క్‌లోనూ ఎన్‌క్రిప్షన్ అందరూ చేస్తారు. ప్రాసెస్ నడుస్తున్నంతసేపూ ర్యామ్‌లో డేటా విప్పి ఉంటుంది కదా, ఎన్‌క్లేవ్ కాపాడేది అక్కడ.

కోడ్ తిరగరాయకుండా ఎన్‌క్లేవ్‌లోకి ఎక్కించడానికి గ్రామిన్ అనే టూల్ వాడాం. 2021 దాకా దాని పేరు గ్రాఫీన్. క్లస్టర్ వైపు పని వారంలో అయిపోయింది. లైనక్స్ 5.11 నుంచి ఎస్‌జీఎక్స్ డ్రైవర్ కెర్నెల్‌లోనే ఉంది. ఎస్‌జీఎక్స్‌ను కుబర్నెటీస్‌కు చూపించే డివైస్ ప్లగిన్ పెట్టాక, ఎన్‌క్లేవ్‌కు కేటాయించే ఈపీసీ మెమరీని కూడా పాడ్ (కంటైనర్లు నడిచే యూనిట్) స్పెక్‌లో మామూలు రిసోర్స్‌లాగే అడగొచ్చు.

నెల పట్టింది మానిఫెస్ట్‌కే, అంటే యాప్ ఏ ఫైళ్లు తెరవొచ్చో గ్రామిన్‌కు చెప్పే ఫైలుకే. యాప్ తెరిచే ప్రతి ఫైలూ హ్యాష్‌తో (ఫైలు వేలిముద్ర లాంటి సంఖ్యతో) సహా నమ్మదగిన ఫైళ్ల జాబితాలో ఉండాలి. విసుగొచ్చి ఒకరోజు ఒక డైరెక్టరీ మొత్తాన్ని ‘అనుమతించిన’ జాబితాలో పెట్టేశాను. యాప్ లేచింది, సంతోషించాను. రెండు రోజులకు మా టీమ్‌లో ఒకమ్మాయి రివ్యూలో పట్టుకుంది: ఆ జాబితాలోని ఫైళ్లకు హ్యాష్ చూడరు, నోడ్ మీద ఎవరైనా మార్చేయొచ్చు. అందులో పైథాన్ మాడ్యూళ్లు ఉన్నాయి. ఇప్పటికీ మానిఫెస్ట్‌లో నేను ముందు చూసేది ఆ జాబితానే.

మెమరీ గురించి రెండు మాటలు. మొదటి ట్రయల్ 128 ఎంబీ ఈపీసీ ఉన్న పాత మెషీన్ మీద చేశాం. అందులో యాప్‌కు దక్కేది 93 ఎంబీ దాకానే, దాటితే పేజీలు బయటికీ లోపలికీ తిరుగుతూ అంతా నత్తనడక. 2021లో వచ్చిన ఐస్ లేక్ జియాన్‌లలో ఒక్కో సాకెట్‌కు 512 జీబీ వరకు ఇచ్చారు, ఆ బాధ పోయింది. అయితే పెద్ద ఎన్‌క్లేవ్ లేవడానికి టైమ్ పడుతుంది, ఎందుకంటే లోపలికి చేర్చే పేజీలను ముందే కొలవాలి, అంటే వాటి హ్యాష్ లెక్కగట్టాలి. మా పాడ్ లేచేలోపే, అది బతికుందో లేదో చూసే లైవ్‌నెస్ ప్రోబ్ దాన్ని చంపేసేది, మళ్లీ మొదలు. లేచేదాకా ఆగే స్టార్టప్ ప్రోబ్ పెట్టాక కుదుటపడింది. ఫోర్క్ (ప్రాసెస్‌కు నకలు ప్రాసెస్ పుట్టించడం) జోలికి మాత్రం వెళ్లకండి. గ్రామిన్‌లో ఒక్కో ఫోర్క్‌కు ఒక కొత్త ఎన్‌క్లేవ్ కట్టాలి. మేం వర్కర్ ప్రాసెస్‌లు మానేసి థ్రెడ్లకు మారాం.

ఇక అటెస్టేషన్. నేను ఇంత కష్టపడింది దీనికోసమే అని మూడేళ్ల తర్వాత చెప్పగలను. గెజిటెడ్ అధికారి సంతకం పెట్టిన నకలు లాంటిదే, కాకపోతే ఇక్కడ సంతకం ప్రాసెసర్‌ది. ‘లోపల నడుస్తున్నది సరిగ్గా ఈ కోడే’ అని అది రాసిస్తుంది. అది చూశాకే ఆసుపత్రి వైపున్న కీ సర్వర్ డేటా తాళం ఇస్తుంది. ఈ తనిఖీ లేకుండా ఎన్‌క్లేవ్ నడిపితే లోపల ఏ కోడ్ ఉందో అవతలివాళ్లకు తెలిసే దారే లేదు.

మొదట్లో మాకు బిల్డ్ చేసిన ప్రతిసారీ ఎన్‌క్లేవ్ కొలత (ప్రాసెసర్ రాసిచ్చే ఆ కోడ్ గుర్తు) మారిపోయేది, కోడ్‌లో ఒక్క అక్షరం మారకపోయినా. వెతగ్గా వెతగ్గా తేలింది: కంపైలైన పైథాన్ ఫైళ్లలో సోర్సు ఫైలు మారిన సమయం రాసి ఉంటుంది. దాన్ని స్థిరం చేసి, ప్యాకేజీల వెర్షన్లు బిగించాం. తర్వాత ఒకరోజు ఆసుపత్రి ఇంజనీరు మా సోర్సు తీసుకుని తన మెషీన్‌లో తనే బిల్డ్ చేశారు. మా కొలతా ఆవిడ కొలతా అక్షరం పొల్లుపోకుండా ఒకటే. మా మాట నమ్మమని అడగాల్సిన అవసరం ఆ రోజుతో తీరిపోయింది. పదిహేనేళ్ల ఉద్యోగంలో నాకు అంత తృప్తినిచ్చిన రోజులు ఎక్కువ లేవు.

ఎన్‌క్లేవ్ కాపాడనివీ ఉన్నాయి. ఎర్రర్ వస్తే మా యాప్ రికార్డు మొత్తాన్ని లాగ్‌లో రాసేది. లాగ్ ఎన్‌క్లేవ్ దాటి మామూలు అక్షరాల్లో నోడ్ మీద పడుతుంది. టెస్టు డేటా మీదే బయటపడింది కాబట్టి బతికిపోయాం. హార్డ్‌వేర్ లోపాలూ వస్తాయి, 2018లో ఎన్‌క్లేవ్ రహస్యాలను బయటికి లాగిన ఫోర్‌షాడో దాడిని చూశాం. కొత్త లోపం బయటపడితే మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి సాఫ్ట్‌వేర్) మార్చాలి. ఒక రాత్రి పాడ్‌లు పాత మైక్రోకోడ్ ఉన్న నోడ్ మీదికి వెళ్తే కీ సర్వర్ తాళం ఇవ్వలేదు, సర్వీసు ఆగింది. పాలసీ కాస్త సడలించమని ఒత్తిడి వచ్చింది. సడలించలేదు, నోడ్ అప్‌డేట్ చేసి తెల్లవారుజామున లేపాం.

పెద్ద అప్లికేషన్‌ను ఉన్నదున్నట్టు దాచాలంటే నేను ఎస్‌జీఎక్స్ చెప్పను. కాన్ఫిడెన్షియల్ కంటైనర్స్ ప్రాజెక్టు చూడండి. అందులో పాడ్ మొత్తం ఏఎండీ ఎస్‌ఈవీ-ఎస్‌ఎన్‌పీ లేదా ఇంటెల్ టీడీఎక్స్ అనే ప్రాసెసర్ రక్షణలో సొంత వర్చువల్ మెషీన్‌లో నడుస్తుంది, మానిఫెస్ట్ గొడవ ఉండదు. బదులుగా లోపలి కెర్నెల్‌నంతా నమ్మాలి. మా రిపోర్టుల సర్వీసును అటే మార్చాం. రికార్డులు జతచేసే ముక్క మాత్రం ఎస్‌జీఎక్స్‌లోనే ఉంది, ఇంకా చిన్నది చేస్తున్నాం. వచ్చే నెల రెండో క్లస్టర్ కడుతున్నాం. ఈసారి ముందు కీ సర్వర్, ఆ తర్వాతే యాప్.