నాలుగేళ్లుగా నా కంటైనర్‌కు కాపలా కాస్తున్న రాడ్ల తాళం

కంటైనర్ తలుపు హ్యాండిల్‌కు వేసిన సీలు చెక్కుచెదరలేదు. దాని నంబరూ కాగితాల్లో ఉన్నదే. తలుపు తెరిస్తే మాత్రం సరుకు తక్కువ! అన్‌లోడింగ్ దగ్గర అందరూ నావైపే చూశారు. నేను ఈ తాళం కొన్నది ఆ చూపులు భరించలేకే.

దొంగలు సీలు జోలికి పోలేదు. హ్యాండిల్‌ను తలుపు మీది నిలువు రాడ్డుకు పట్టి ఉంచే రివెట్టును తొలిచి, సీలుతో సహా హ్యాండిల్‌ను పక్కకు తప్పించారు. పని ముగించుకుని కొత్త రివెట్టు పెట్టి రంగు పూశారు. కంటైనర్ సీళ్ల అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 17712 ప్రకారం ‘హెచ్’ (అధిక భద్రత) తరగతి బోల్టు సీలు కనీసం 10 కిలోన్యూటన్ల లాగుడుకు తట్టుకోవాలి. సీలును ముట్టుకోనివాడి ముందు ఆ బలం ఎందుకు పనికొస్తుంది?

ఈ తాళం రెండు తలుపులు కలిసే చోట అటూ ఇటూ ఉండే రాడ్లను బయటి నుంచి ఉక్కు కొక్కేలతో కలిపి పట్టుకుంటుంది. హ్యాండిల్ ఊడినా తలుపులు విడిపోవు. రెండో ఏడాది ఒక తెల్లవారుజామున చూస్తే కొక్కెం మీద రెండు గ్రైండర్ గాట్లు, కింద నేల మీద మెరుస్తున్న ఇనుపరజను కనిపించాయి. సగం కూడా తెగకముందే వదిలేసి పోయారు. ఆ చప్పుడుకు భయపడి ఉంటారు. లోడు మొత్తం భద్రంగా ఉంది.

లోపాలూ ఉన్నాయి. బరువు ఎక్కువ. దుమ్ముకు తాళంచెవి బిగుసుకుపోతుంది. నూనె పోస్తే దుమ్ము ఇంకా పేరుకుంటుంది కాబట్టి గ్రాఫైట్ పొడి వాడండి. కొక్కేలను సరిచేసుకునే రంధ్రాల్లో బిగుతైనదాన్నే ఎంచుకోండి, కాస్త సందు దొరికినా గునపం దూరుస్తారు.

తలుపులను గోడకు ఆనుకునేలా బండిని వెనక్కి పెట్టి ఆపడం నేను ఇప్పటికీ మానలేదు. బయలుదేరే ముందే డీజిల్ నింపుకుంటాను, లోడింగ్ దగ్గరి నుంచి వెంటపడేవాళ్లు మొదటి హాల్టు కోసమే కాచుకుంటారు. ఆగిన ప్రతిచోటా రివెట్ల మీద బొటనవేలు రుద్ది చూస్తాను. కొత్త రంగు నునుపు వేలికి వెంటనే తెలుస్తుంది.

ట్రైలర్‌నే లాక్కుపోతే ఈ తాళం ఏమీ చేయలేదు. జీపీఎస్ ఉన్నా సిగ్నల్‌ను అడ్డుకునే జామర్ పెడితే అది మూగబోతుంది. అందుకే ట్రైలర్‌ను విడిచి వెళ్లాల్సినప్పుడు కింగ్‌పిన్‌కు, అంటే ట్రైలర్‌ను లారీకి తగిలించే పిన్నుకు, వేరే తాళం వేస్తున్నాను. దాన్ని కొని ఆరు నెలలే అయింది, ఇప్పుడే తీర్పు చెప్పలేను. రాడ్ల తాళాన్ని మాత్రం కళ్లు మూసుకుని కొనమంటాను.