నిసెకోలో ఒక సీజన్ ఉద్యోగం: కొండ కంటే ముందు గది గురించి అడగండి

జపాన్ ఉత్తరాన ఉన్న హొక్కైడో దీవిలోని నిసెకో స్కీ కేంద్రం, గ్రాండ్ హిరాఫు వైపు. డిసెంబరు మొదలు నుంచి మార్చి చివరిదాకా పని, స్టాఫ్ డార్మ్‌లో బస. మంచుకు 5కి 5, పనికి 3, బసకు డార్మ్‌ను బట్టి 1 నుంచి 4.

మంచు మీద వచ్చే పొగడ్తలన్నీ నిజమే. సైబీరియా చలిగాలి జపాన్ సముద్రం మీదుగా తేమ పట్టుకొచ్చి ఈ కొండల మీద దించుతుంది. జనవరిలో పడేది పిండిలా ఉంటుంది, ఊదితే లేచిపోతుంది. అయితే స్కీయింగ్ సెలవు రోజున చేస్తాం, గదిలో రోజూ ఉంటాం. ఈ సమీక్షలో ఎక్కువ భాగం గది గురించే ఉండటానికి కారణం అదే.

ముందు వీసా. జపాన్ వర్కింగ్ హాలిడే వీసా (సెలవుకని వెళ్ళి పని కూడా చేసుకోనిచ్చేది) భారత పాస్‌పోర్టుకు లేదు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, కెనడా, బ్రిటన్ పాస్‌పోర్టులున్న మన పిల్లలు 18 నుంచి 30 ఏళ్ళ వయసువాళ్ళయితే దరఖాస్తు చేసుకోవచ్చు. జపాన్‌లో చదువుకుంటున్నవాళ్ళకు అనుమతి ఉన్నా చదువు నడిచే రోజుల్లో వారానికి 28 గంటలే, దాంతో పూర్తి సీజన్ కుదరదు. టూరిస్టుగా దిగి పనిలో చేరొచ్చని ఎవరైనా చెబితే అక్కడితో మాట ఆపేయండి. పట్టుబడితే దేశం నుంచి పంపేస్తారు.

ఇక గది. ఇక్కడ చలిని ఆపేది ఎక్కువగా కిరసనాయిలే. మంచి డార్మ్‌లో గోడకు ఎఫ్ఎఫ్ స్టవ్ అనే గది హీటర్ బిగించి ఉంటుంది. మంటకు కావలసిన గాలిని బయటి నుంచే పీల్చుకుని, పొగను బయటికే వదులుతుంది. ఆయిలు బయటి పెద్ద ట్యాంకు నుంచి దానంతట అదే వస్తుంది. చౌక డార్మ్‌లో ఫ్యాన్ హీటర్ ఇస్తారు, దాని పొగంతా గదిలోనే. గంటకు ఒకటి రెండుసార్లు కిటికీ తెరవాలి, పడుకునే ముందు ఆపేయాలి. తెల్లారి లేచేసరికి మన ఊపిరి మనకే ఆవిరిగా కనబడుతుంది. 18 లీటర్ల ఎర్ర క్యాన్ మోసుకొచ్చి చేతిపంపుతో తోడుకోవడం అదనపు పని. క్యాన్‌లో మంచుబిళ్ళ పడినా, కిందటేడు మిగిలిన ఆయిలు పోసినా హీటర్ మొరాయిస్తుంది. ఎఫ్ఎఫ్ స్టవ్ గండం వేరు. బయట గొట్టం మూతి మంచులో కూరుకుపోతే పొగ వెళ్ళడానికి దారి ఉండదు. పెద్ద మంచు పడిన ప్రతి పొద్దునా ఆ మూతి చుట్టూ పారతో తీయాల్సిందే. డ్యూటీకి లేటయినా సరే, ఇది వాయిదా వేసే పని కాదు.

రెండోది మిజునుకి, అంటే గడ్డకట్టి పగలకుండా గొట్టాల్లో నీళ్ళు దించేయడం. మైనస్ 4 డిగ్రీల కంటే కిందికి పోయే రాత్రి హీటర్ ఆపి పడుకున్నా, రెండు రోజులు గది వదిలి వెళ్ళినా ఇది తప్పదు. నీళ్ళు దించే వాల్వు పిడిని మూసే వైపు చివరిదాకా తిప్పాలి. తర్వాత వంటింటి కుళాయి, వాష్‌బేసిన్, షవర్, అన్నీ తెరవాలి, వేడినీళ్ళ వైపు కూడా. గాలి లోపలికి పోతూ గుటగుటమంటుంది. ఆ చప్పుడు ఆగేదాకా ఆగి, షవర్ తలను నేలమీదికి దించి, టాయిలెట్ ఫ్లష్ ఒకసారి నొక్కి తొట్టి ఖాళీ చేయాలి. కొత్తవాళ్ళు మర్చిపోయేది షవర్ గొట్టాన్నే, ముందు పగిలేవాటిలో అదొకటి. పిడిని సగంలో వదిలేస్తే నీళ్ళు రాత్రంతా నేలలోకి కారిపోతాయి, బిల్లు వచ్చాక గానీ తెలియదు. గడ్డకట్టిన గొట్టం మీద మరిగే నీళ్ళు పోయొద్దు, పగులుతుంది. గుడ్డ చుట్టి గోరువెచ్చని నీళ్ళు నిదానంగా పోయాలి.

స్కీ లిఫ్టు (జనాన్ని కుర్చీల్లో కొండ మీదికి చేర్చేది) దగ్గర ఉద్యోగమంటే మీట నొక్కడం అనుకుంటారు. పొద్దున సగం పని పారతోనే. జనం ఎక్కేచోట, దిగేచోట మంచును సమంగా చదును చేయాలి, కుర్చీల మీద చీపురు ఆడించాలి. మంచు తీయడానికి రెండు చేతులతో తోసే వెడల్పాటి తొట్టి ఉంటుంది, మామాసాన్ డంప్ అంటారు. దాన్ని ఎత్తకూడదు, తోయాలి. ఎత్తితే వారంలో నడుం పోతుంది. అడుగున సిలికాన్ స్ప్రే కొడితే మంచు అంటుకోదు. చేతికి షోవా కంపెనీ చలికాలపు టెమ్రెస్ గ్లవ్స్ చాలు. ఖరీదైన స్కీ గ్లవ్స్ పారపనికి త్వరగా అరిగిపోతాయి. టెమ్రెస్ లోపలి గుడ్డ ఆరడానికి ఒక రాత్రి పడుతుంది కాబట్టి రెండు జతలు కొనండి. లోపల వేసుకునే బట్టల్లో నూలు వద్దు, చెమట పట్టి చల్లబడితే వణుకు ఆగదు. చూరు కింద నిలబడొద్దు. ఎండ కాసిన రోజున కప్పు మీది మంచు ఒక్కసారిగా జారుతుంది.

తిండిలో శాకాహారులకు కష్టమే. కూరగాయల సూప్ అన్నదాంట్లోనూ చేపతో కాచిన దాషి అనే రసం ఉండొచ్చు. స్టాఫ్ భోజనం మీద ఆధారపడకుండా, గదిలో వండుకునే వీలుందా అని ముందే అడగండి. సూట్‌కేసులో చికెన్ పచ్చడి, గోంగూర మటన్ పెట్టుకోవద్దు. మాంసంతో చేసినవాటిని జపాన్‌లోకి అలా తీసుకురావడం నిషిద్ధం.

డబ్బు విషయం కాగితం మీద లెక్క వేసుకోవాలి. హొక్కైడో కనీస వేతనం 2024 అక్టోబరులో గంటకు 1,010 యెన్లు అయింది, తర్వాత ఇంకా పెరిగింది. నిసెకోలో చాలాచోట్ల అంతకంటే ఎక్కువే ఇస్తారు. ఆ 1,010తోనే చూస్తే రోజుకు 8 గంటలు, నెలకు 22 రోజులకు 1,77,760 యెన్లు. ఏడాది లోపు ఉండేవాళ్ళకు పన్ను 20.42 శాతం, అది పోతే మిగిలేది సుమారు 1,41,000. అద్దె, బీమా కోతలు ఇందులోంచే. రోజుకు 8 గంటలు దాటినా, రాత్రి 10 తర్వాత పనిచేసినా కనీసం 25 శాతం అదనం రావాలి. పేస్లిప్పులో ఆ వరస విడిగా ఉందో లేదో చూసుకోండి. చిరునామా కుదిరిన 14 రోజుల్లో టౌన్ ఆఫీసులో నమోదు చేసుకోవాలి. అక్కడే ఆరోగ్య బీమాలో చేరితే, కాలు విరిగినా చికిత్స ఖర్చులో మన వాటా 30 శాతమే.

కాంట్రాక్టులో అందరూ చదవకుండా వదిలేసే చోటు మార్చి నెల. చైనా కొత్త సంవత్సరం రద్దీ అయిపోయాక షిఫ్టులు తగ్గుతాయి, గది అద్దె మాత్రం తగ్గదు. వారానికి కనీసం ఇన్ని గంటలు అని రాసి ఇస్తారా, సీజన్ పూర్తిచేస్తే ఇచ్చే బోనస్ ఏ తేదీదాకా ఉంటే వస్తుంది, హీటర్ ఏ రకం, కిరసనాయిలు ఖర్చు ఎవరిది: ఈ నాలుగూ మెయిల్‌లో అడిగి, జవాబు రాతలో వచ్చాకే టికెట్ కొనండి.