ఒమెప్రజోల్ బాగానే పనిచేసింది, ఆపడంలోనే చుక్కలు చూపించింది

మా కుక్క బ్రౌనీకి 11 ఏళ్లు, బరువు 10 కిలోలు. కీళ్ల నొప్పులకు వాడిన మాత్రతో వాంతులు మొదలయ్యాయి. పాత చీటీ చూసి కడుపులో ఆమ్లం తగ్గించే ఫామోటిడిన్ నేనే వేశాను (వేయకూడదు, తెలుసు). మొదటి రెండు మూడు రోజులు బాగుంది, తర్వాత మళ్లీ పసుపు నురగే. ఒక రోజు విరేచనం తారులా నల్లగా అయ్యేసరికి టెన్షన్ పడి పరిగెత్తాను. నలుపంటే లోపల రక్తం కారుతోందేమో అని డాక్టర్ ముందు నొప్పి మాత్ర ఆపించి, ఆమ్లం తగ్గించే మరో మందు ఒమెప్రజోల్ 10 మి.గ్రా. రోజుకు రెండుసార్లు రాశారు. ఫామోటిడిన్ రోజూ ఇస్తుంటే కుక్కల్లో దాని పట్టు కొద్ది రోజులకే తగ్గిపోతుందని కూడా అప్పుడే తెలిసింది.

మొదటి రోజు ఏ తేడా లేదు. మందు మారిస్తే పోలా అనుకున్నాను కానీ దీని పూర్తి ప్రభావం కనిపించడానికి రెండు నుంచి నాలుగు రోజులు పడుతుందట. నేను చేసిన అసలు తప్పు వేరే, అన్నంలో కలిపి పెట్టేదాన్ని, పైగా క్యాప్సూల్లోని గుళికల్ని నలిపి మరీ. ఆ గుళికల మీది పూతే మందును కడుపులోని ఆమ్లం నుంచి కాపాడేది! తిండికి అరగంట, గంట ముందు పరగడుపున ఇవ్వడం మొదలుపెట్టాక నాలుగో రోజుకి గిన్నె నాకేసింది.

ఆరు వారాలయ్యాక తగ్గిపోయిందిలే అని ఒక్కసారిగా మానేశాను. వారం తిరక్కుండానే పెదాలు నాక్కోవడం, గడ్డి తినడం, తెల్లవారుజామున వాంతి. జబ్బు తిరగబెట్టిందని భయపడ్డాను. మూడు నాలుగు వారాలు దాటి వాడిన మందు ఉన్నట్టుండి ఆపితే ఆమ్లం మామూలుకంటే ఎక్కువ ఊరుతుందని డాక్టర్ చెప్పి, మళ్లీ మొదలుపెట్టించి ఈసారి మెల్లగా తగ్గించారు. మధ్యలో కాస్త పల్చటి విరేచనాలయ్యాయి, అంతకుమించి ఇబ్బంది లేదు.

అదే ఊపులో కిడ్నీ జబ్బున్న మా పిల్లి చిట్టికీ ఇవ్వనా అని అడిగాను. వద్దన్నారు. కిడ్నీ జబ్బు ఉన్నంత మాత్రాన పిల్లికి ఆమ్లం మందు అక్కర్లేదట, వికారానికి వేరే మాత్ర ఇచ్చారు. అది వేశాక సిరంజితో కొంచెం నీళ్లు పట్టిస్తున్నాను, నీళ్లు లేకుండా మింగిన మాత్ర పిల్లి అన్నవాహికలో ఇరుక్కోవచ్చని. గీతలు నాకు, తిండి తనకు.