స్లైడ్‌ఔట్ రబ్బరు సీళ్లు: ఐదేళ్ల వాడకం, ఒక సెట్టు పాడయ్యాక తెలిసిన సంగతులు

మాది డాలస్‌కి ఉత్తరాన ఉన్న ఫ్రిస్కో. 2020 చివర్లో 26 అడుగుల పాత ట్రావెల్ ట్రైలర్ (బండి వెనక తగిలించి లాక్కెళ్లే చిన్న ఇల్లు లాంటిది) కొన్నాం. సోఫా, డైనింగ్ టేబుల్ ఉన్న వైపు ఒకటే స్లైడ్, అంటే బటన్ నొక్కితే గోడలోంచి బయటికి జరిగే పెట్టె లాంటి గది భాగం. దాని చుట్టూ సందులోంచి నీళ్లు రాకుండా ఆపే రబ్బరు పట్టీలే ఈ సీళ్లు. మా కాలనీలో ఇంటి ముందు ట్రైలర్ పెట్టనివ్వరు కాబట్టి ఊరి బయట అద్దె స్థలంలో, పైన కప్పు లేని చోట ఉంచుతాం. ఏడాదిలో పది నెలలు టెక్సాస్ ఎండంతా దాని మీదే. షెడ్డులో పెట్టుకునేవాళ్లకి నేను చెప్పేంత పని పడదు.

ఇప్పుడు నేను వాడేవి మూడే: గిన్నెలు తోమే లిక్విడ్ సోపు కలిపిన నీళ్లు, 303 ఏరోస్పేస్ ప్రొటెక్టెంట్ అనే ఎండ నుంచి కాపాడే ద్రవం, ఆరాక జిడ్డు మిగల్చని ఒక డ్రై సిలికాన్ స్ప్రే. ఈ మూడింటితో మూడేళ్లుగా లోపలికి ఒక్క చుక్క నీరు రాలేదు. అంతకుముందు దాదాపు ఏడాది పాటు నేను చేసింది మాత్రం తప్పు. ఆ తప్పే చాలామంది ఇంకా చేస్తున్నారు, అందుకే ఇది రాస్తున్నాను.

2021 వేసవిలో సీళ్లు పొడిబారినట్టు, పైన బూడిద పూసినట్టు కనిపించాయి. రబ్బరుకి జిడ్డు తగిలితే మెత్తబడుతుంది కదా అనుకుని మెడికల్ షాపులో దొరికే పెట్రోలియం జెల్లీ చుట్టూతా పట్టించాను. మొదటి వారం నల్లగా నిగనిగలాడాయి. ఆ తర్వాత దుమ్మంతా వాటికే అంటుకుంది. మూడు నెలలకి వేలితో నొక్కితే రబ్బరు ఉబ్బి, జావలా మెత్తగా తగిలింది. మరుసటి ఏప్రిల్‌లో గాల్వెస్టన్ ఐలాండ్ స్టేట్ పార్కులో గాలివాన పట్టింది. తెల్లవారి లేచి కింద కాలు పెడితే టేబుల్ కింద కార్పెట్ తడి! స్లైడ్ కింది మూలన రబ్బరు లోపలికి మడత పడిపోయి, నీళ్లకి దారి చూపిస్తూ ఉంది. పిల్లల పుస్తకాలు తడిశాయని నాకు బాధ లేదు. ఫ్లోరు కింద ఉన్నది చెక్క పొట్టు అతికించిన షీటు, అది నానిందంటే కుళ్లిపోతుంది. ఆ రోజంతా ఫ్యాను పెట్టి ఆరబెట్టాం.

ఆ జూన్‌లో ఇండియా నుంచి నాన్న వచ్చారు. బాపట్లలో ఆయనకి ముప్పై ఏళ్లు అద్దె సైకిళ్ల షాపు. ట్రైలర్ చూపిస్తుంటే ఆయన కళ్లు ముందు ఆ సీలు మీదే పడ్డాయి. రెండు వేళ్లతో గిల్లి, వాసన చూసి, "దీనికి ఏం పూశావురా?" అన్నారు. చెప్పాను. "కందెన ఇరుసుకి పెట్టాలిగానీ రబ్బరుకి పెడతారట్రా? ట్యూబు ముట్టుకునే ముందు చెయ్యి కడుక్కోమని నీకెన్నిసార్లు చెప్పాను!" నిజమే, చెప్పారు. నూనె చేత్తో ట్యూబు పట్టుకుంటే ఊరుకునేవారు కాదు. కొత్త ట్యూబుకి తెల్ల పౌడరు చల్లి ఉండేది కూడా ఒకదానికొకటి అంటుకోకుండా ఉండటానికే.

సైకిల్ ట్యూబు రబ్బరూ ఇదీ ఒకటి కాదుగానీ ఆయన చెప్పిన సూత్రం దీనికీ వర్తిస్తుంది. స్లైడ్ సీళ్లు ఎక్కువగా ఈపీడీఎం అనే రబ్బరుతో చేస్తారు. ఎండకి, ఓజోన్‌కి, వానకి అది గట్టిగా నిలబడుతుంది, చాలా ట్రైలర్ల కప్పుల మీద పరిచేదీ అదే. పెట్రోలియం నూనెలు, గ్రీజు, కిరోసిన్ లాంటి ద్రావకాలు మాత్రం దానికి పడవు. వాటిని పీల్చుకుని ఉబ్బి బలం పోగొట్టుకుంటుంది. గరాజ్‌లో తుప్పు వదిలించే స్ప్రేలూ ఆ జాతివే. స్లైడ్ కింద ఉన్న పళ్ల చక్రాలకి కందెన వేసేటప్పుడు కూడా తుంపర రబ్బరు మీద పడకుండా నేను ఒక అట్టముక్క అడ్డం పెడతాను.

పాత సీళ్లు పీకి కొత్తవి వేశాం. నేనూ నాన్నా రెండు రోజులు పడ్డాం. షాపులో కొనేముందు పాత ముక్క ఒకటి కోసి పట్టుకెళ్లండి. గొట్టంలా ఉండే బల్బు భాగం లావు, పట్టీ వెడల్పు కొంచెం తేడా వచ్చినా కూర్చోదు.

ఈ సీళ్లలో రెండు రకాలున్నాయి, రెండింటి పనీ వేరు. బల్బు సీలు లోపల బోలుగా, గొట్టంలా ఉంటుంది. స్లైడ్ పూర్తిగా మూసినప్పుడో తెరిచినప్పుడో గోడకీ పెట్టెకీ మధ్య నలిగి సందు మూస్తుంది. వైపర్ సీలు పలచని నాలుక లాంటిది. స్లైడ్ కదిలినప్పుడల్లా పెట్టె పక్కల మీద నీళ్లు తుడుస్తుంది. బల్బుకి శత్రువు ఎండ, వైపర్‌కి రాపిడి. అందుకే రెండింటికీ ఒకే మందు వెయ్యడం నేను మానేశాను.

బల్బుకి 303. ఇది నీటి ఆధారిత ద్రవం, జిడ్డు ఉండదు, సూర్యుడి యూవీ కిరణాలను అడ్డుకుంటుంది. సోపు నీళ్లతో తుడిచి, పూర్తిగా ఆరాక, బట్ట మీద స్ప్రే చేసి పట్టించి, పొడి బట్టతో మళ్లీ తుడవాలి. తడిగా వదిలేస్తే మచ్చలు కడతాయి. ఎండాకాలం ఆరు వారాలకోసారి, చలికాలం మూడు నెలలకోసారి చేస్తున్నాను. ఒక పెద్ద సీసా ఏడాది పైనే వస్తుంది. పగిలిన రబ్బరుని ఇది బాగుచెయ్యదు. ఏ మందూ చెయ్యదు, అలాంటి మాట ఎవరు చెప్పినా నమ్మకండి.

వైపర్‌కి డ్రై సిలికాన్. డబ్బా మీద పెట్రోలియం ద్రావకం ఉందేమో చదివి కొనండి, సిలికాన్ అని పేరుండి లోపల అది ఉన్నవీ ఉన్నాయి. ఇంకో జాగ్రత్త: సిలికాన్ తగిలిన చోట తర్వాత ఏ టేపూ, జిగురూ అతుక్కోదు. మూల ముక్క మార్చాల్సి వస్తే ముందు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో శుభ్రంగా తుడవాల్సిందే. నాన్న చెప్పారని ఒక సీజను టాల్కం పౌడరూ చల్లాను. అంటుకోకుండా బాగానే ఆపింది, కానీ మొదటి వానకే కొట్టుకుపోయి ట్రైలర్ పక్కంతా తెల్ల చారలు మిగిలాయి.

రెండు మూడు నెలలు మూసి ఉంచాక స్లైడ్ తెరుస్తుంటే పాత ప్లాస్టరు పీకినట్టు చప్పుడు వస్తుంది. అది రబ్బరు గోడకి అంటుకుందనడానికి గుర్తు. అప్పుడు బటన్ వదిలేసి, చేత్తో చుట్టూతా నెమ్మదిగా విడదీసి, మళ్లీ నొక్కండి. వైపర్ లోపలికి మడత పడితే సన్నని నూలు తాడు దాని వెనక దూర్చి, ఇద్దరు రెండు కొసలు పట్టుకుని ఈ చివర నుంచి ఆ చివరికి లాగితే నాలుక బయటికి తిరుగుతుంది. ఈ పని మా ఆవిడా నేనూ రెండు నిమిషాల్లో చేస్తాం. మూసేముందు స్లైడ్ పైన పడిన ఆకులు ఊడ్చండి. ఓక్ చెట్టు కింద బస చేస్తే ఒక్క పుల్ల చాలు, పై వైపర్ చిరగడానికి.

సీలు సరిగ్గా పట్టిందో లేదో చూడ్డానికి ఒక డాలరు నోటు బల్బు కింద పెట్టి స్లైడ్ మూసి లాగుతాను. బిగువుగా వస్తే బాగున్నట్టు, జారిపోతే ఆ చోట పట్టు లేనట్టు. రాత్రిపూట అయితే అమ్మాయి లోపల టార్చి వేసి సీలు వెంబడి నెమ్మదిగా తిప్పుతుంది, నేను బయట చీకట్లో నిలబడి చూస్తాను. పోయిన నెల అలా చూస్తే కింద ఎడమ మూలన బియ్యపు గింజంత వెలుగు కనపడింది. అక్కడే మోకాళ్ల మీద కూర్చుని వేలితో తడిమితే బల్బు మూల అతుకు విడిపోయి ఉంది. నీళ్లు ఇంకా రాలేదు. కొత్త మూల ముక్క తెప్పించి పెట్టాను, ఈ శనివారం వేస్తాను.