కుళాయి ఉన్న మట్టి కుండ: శివరాత్రికే కొనేయండి

చలి శివశివా అంటూ వెళ్లిపోయే ఈ రోజుల్లో ఫ్రిజ్ నీళ్లు మరీ చల్లన, బిందె నీళ్లు చప్పన. పది లీటర్ల మట్టి కుండ రెంటికీ మధ్యన హాయిగా ఉంటుంది. వేలి కణుపుతో కొడితే ఖంగుమనాలి. మందంగా పలికితే సన్నటి పగులు ఉన్నట్టే. నిగనిగలాడే రంగు పూసినవి వద్దు. నీరు సన్నని రంధ్రాల్లోంచి చెమర్చి ఆవిరవడం వల్లే కుండ చల్లబడుతుంది, రంగు వాటిని మూసేస్తుంది.

బలహీనతంతా కుళాయి దగ్గరే. లోపలా బయటా రబ్బరు వాషర్లు ఉండాలి. నట్టు చేత్తోనే బిగించాలి, పానా పెడితే మట్టి చిట్లుతుంది.

తెచ్చాక నిండా నీళ్లు పోసి 24 గంటలు నాననిచ్చి, ఆ నీళ్లు మొక్కలకు పోసేయండి. రెండు మూడుసార్లు మార్చాక బురద రుచి పోయి, తొలకరి వాసన మాత్రం మిగులుతుంది. ఆ మొదటి గ్లాసు కోసమైనా కొనొచ్చు!

కడగడానికి కొబ్బరి పీచు చాలు, సబ్బును మట్టి పీల్చుకుంటుంది. నీడలో, గాలాడే కిటికీ పక్కన, తడి ఇసుక మీద పెట్టండి. విశాఖ ఉక్కలో చల్లదనం తక్కువే, అనంతపురం పొడిగాలిలో మాత్రం అద్భుతం. ఉప్పు బోరు నీళ్లు పోస్తే రంధ్రాలు పూడిపోతాయి. వచ్చే ఏడు కొత్త కుండ తప్పదు.