ఎప్పుడు ఆపాలో తెలిసిన పనిముట్టు: క్యూట్‌చెస్ సీఎల్‌ఐతో మూడేళ్లు

చెస్ ఆడే ప్రోగ్రాములను, అంటే ఇంజిన్లను, ఒకదానితో ఒకటి ఆడించే క్యూట్‌చెస్ సీఎల్‌ఐ అనే పనిముట్టును మూడేళ్లుగా వాడుతున్నాను. ఎలా దించుకోవాలి, కమాండ్‌లో ఏది ముందు రావాలి లాంటివి ఇక్కడ రాయను. చెస్ ఇంజిన్లను ఒకదానితో ఒకటి ఆడించాలన్న పిచ్చి పట్టినవాళ్లకు అవన్నీ ఎప్పుడో తెలిసి ఉంటాయి. నేను చెప్పాలనుకున్నది అందులోని ఒకే ఒక్క ఆప్షన్ గురించి. దాని పేరు ఎస్‌పీఆర్‌టీ. ‘ఇక చాలు, తేలిపోయింది’ అని మ్యాచ్‌ను తనంతట తానే ఆపేస్తుంది. దానిమీద నాకున్న ఇష్టాన్ని ఆఫీసులో చెప్పుకోలేను, ఇంట్లో చెప్పినా ఎవరూ వినరు.

మాది నెల్లూరు, ఉండేది చెన్నైలో, వేళచ్చేరిలో. ఈ ఊళ్లో చెస్ అన్నామంటే మాట ఆనంద్ దగ్గర మొదలై గుకేశ్ దగ్గర ఆగుతుంది. (2024 ప్రపంచ టైటిల్ మ్యాచ్‌లో గుకేశ్ వెనక నిలబడి పనిచేసినవాళ్లలో మన తెలుగు గ్రాండ్‌మాస్టర్ హరికృష్ణ కూడా ఉన్నాడని ప్రతిసారీ గుర్తుచేస్తాను. పట్టించుకునేవాళ్లు లేరు.) మా అమ్మాయి కోచింగ్‌కు వెళ్తుంది. నేను ఆడను, ఆడిస్తాను. సొంతంగా ఒక చిన్న ఇంజిన్ రాసుకున్నాను. పేరు చెప్పుకునేంత గొప్పదేం కాదు. అందులో ఏదో ఒక లైను మారుస్తాను. కొత్త వెర్షన్‌ను పాతదాని మీదకు వదులుతాను. బాగుపడిందా, చెడిందా చూస్తాను. ‘నాన్నా, రెండూ నువ్వే రాశావు కదా, ఏది గెలిస్తే నీకేంటి?’ అని అమ్మాయి అడిగింది ఒకసారి. మూడేళ్లయినా సరైన జవాబు దొరకలేదు.

ఎస్‌పీఆర్‌టీ అలవాటు కాకముందు నా పద్ధతి ఏమిటంటే, వంద గేములు పెట్టడం. 54–46తో కొత్తది గెలిస్తే పండగ చేసుకుని మార్పును ఉంచేసుకోవడం. ఒకరోజు ఏదో అనుమానం వచ్చి, ఒకే ఇంజిన్ ఫైలును రెండు పేర్లతో కాపీ చేసి, ఒకదానికి ‘కొత్తది’, రెండోదానికి ‘పాతది’ అని పేరు పెట్టి ఆడించాను. అక్షరం కూడా తేడా లేదు. వంద గేముల్లో ‘కొత్తది’ 55.5 పాయింట్లు సాధించింది. అంటే లెక్క ప్రకారం 38 ఎలో (చెస్‌లో బలాన్ని కొలిచే రేటింగ్ పాయింట్లు) పెరుగుదల! తనమీద తానే 38 ఎలో మెరుగైన ఇంజిన్ రాసిన ఘనత నాదే.

కూర్చుని లెక్కేస్తే విషయం సూటిగానే ఉంది. గేముల్లో సగం డ్రా అవుతాయనుకుంటే, వంద గేముల ఫలితానికి అటూ ఇటూ దాదాపు 48 ఎలో ఊగిసలాట ఉంటుంది. వెయ్యి గేములు ఆడిస్తే అది 15కు దిగుతుంది. పదివేలు ఆడిస్తే 5కు. నేను చేసే మార్పుల్లో చాలావాటి విలువ ఐదారు ఎలోకు మించదు. అంటే అప్పటిదాకా నేను ఉంచుకున్నవాటిలో ఎన్ని నిజంగా పనికొచ్చేవో, ఎన్ని నాణెం ఎగరేస్తే వచ్చినవో దేవుడికే తెలియాలి. పాత మార్పులన్నీ తీసేసి మళ్లీ మొదలుపెట్టాలా అని రెండు వారాలు తల పట్టుకున్నాను. చివరికి తీయలేదు. ఓపిక లేదు.

ఎస్‌పీఆర్‌టీకి మనం రెండు హద్దులు చెప్తాం. నేను సున్నా, పది ఎలో అని పెడతాను. మార్పు వల్ల లాభమేమీ లేదా, లేక పది ఎలో ఉందా, ఈ రెంటిలో ఏది నిజానికి దగ్గరో తేల్చమని అడగడం అన్నమాట. ఎటువైపైనా పొరపాటు జరిగే అవకాశం 5 శాతానికి మించకూడదంటే, అది లెక్కగట్టే ఎల్‌ఎల్‌ఆర్ అనే అంకె ప్లస్ 2.94 దాటితే మార్పు పాస్, మైనస్ 2.94 కిందికి పోతే ఫెయిల్. మధ్యలో ఉన్నంతసేపూ గేములు నడుస్తూనే ఉంటాయి. పేరుమోసిన ఇంజిన్ స్టాక్‌ఫిష్‌ను తయారుచేసేవాళ్లు 2013 నుంచి ఫిష్‌టెస్ట్ అనే తమ పరీక్షా వేదికలో చేస్తున్నది ఇదే పని. కాకపోతే వాళ్లకు లోకమంతా వాలంటీర్ల కంప్యూటర్లున్నాయి, నాకు నాలుగు కోర్ల ల్యాప్‌టాప్ ఒకటుంది.

ఇందులో నాకు మహా నచ్చింది దీని పొదుపు. పరమ చెత్త మార్పు చేస్తే కొన్ని వందల గేముల్లోనే మొహం మీద తలుపేస్తుంది. పాత పద్ధతిలో ఆ చెత్తకు కూడా రాత్రంతా కరెంటు కాల్చేవాణ్ని. రెండో సుఖం, నా చేతిలో ఏమీ ఉండకపోవడం. ముందైతే కొత్తది ఆధిక్యంలో ఉన్నప్పుడు ‘ఇక చాల్లే’ అని ఆపేసేవాణ్ని. వెనకబడితే ‘ఇంకో రెండొందలు చూద్దాం’ అనేవాణ్ని. ఆ దొంగబుద్ధికి ఇది తాళం వేసింది. ఒకసారి రాత్రి పదకొండుకు ఎల్‌ఎల్‌ఆర్ 2.71 దగ్గరుంది. పాసైనట్టేనని లైటార్పి పడుకున్నాను. పొద్దున చూస్తే మైనస్ 2.95. రాత్రంతా మెట్టు మెట్టుగా దిగి వెళ్లిపోయింది. నేనైతే 2.71 దగ్గర ఆపి, గెలిచానని నిద్రపోయేవాణ్ని.

మొదటి ఏడాదంతా నాది ఈ ధోరణే. కనిపించినవాళ్లకల్లా ఎస్‌పీఆర్‌టీ మహిమ చెప్పేవాణ్ని. ఆ తర్వాత మే నెల వచ్చింది.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మన దగ్గర అంటారు. ఇక్కడ అగ్ని నక్షత్రం అంటారు. పేరు ఏదైనా, మా హాల్లో మధ్యాహ్నం ఫ్యాన్ వేస్తే వేడిగాలే. ఏసీ ఉన్నది పడకగదిలో, అక్కడ మా ఆవిడ ల్యాప్‌టాప్ చప్పుడు పడనివ్వదు. ఒక ఆదివారం పన్నెండుకు కొత్త వెర్షన్ పెట్టాను. ఒక్కో వైపుకు పది సెకన్లు, ఎత్తుకు 0.1 సెకను అదనం, ఒకేసారి నాలుగు గేములు. అంటే ఉన్న నాలుగు కోర్లకూ పని. పైగా పక్కన బ్రౌజర్‌లో క్రికెట్. భోంచేసి, కాస్త కునుకు తీసి, మూడుకు లేచి చూస్తే పాస్. 1,486 గేములు, ప్లస్ 18 ఎలో. నా మూడేళ్ల చరిత్రలో ఒకే మార్పుకు అంత ఎప్పుడూ రాలేదు. జాబితాలో వెనకనున్న ఎత్తులను తక్కువ లోతుతో చూసే చోట ఒక చిన్న సర్దుబాటు చేశాను, దానికింత ఫలమా అని మురిసిపోయాను. సాయంత్రం బజ్జీలు కూడా తెప్పించాను.

అమ్మాయికి ఒక అలవాటుంది. నేను ఆడించిన గేముల ఫైలు తెరిచి, ఏదో ఒకటి ఎంచుకుని, చివరి ఎత్తులు బోర్డు మీద పేరుస్తుంది. ఆ సాయంత్రం బజ్జీ తింటూనే అడిగింది. ‘నాన్నా, తెల్లపావులకు రూక్ ఎక్కువుంది కదా. ఎలా ఓడిపోయింది?’ ఏదో బంటు క్వీన్ అయి ఉంటుందిలే అన్నాను. ‘కాదు, బంట్లు కూడా వీళ్లకే ఎక్కువ’ అంది. వెళ్లి చూశాను. గేము చివర ఒక్క ముక్క రాసుంది: టైమ్ అయిపోయి తెల్లపావులు ఓడాయని.

ఆ ముక్క ఫైలులో ఎన్నిసార్లుందో వెతికించాను. 81. అందులో 77 గేముల్లో టైమ్ దాటి ఓడింది పాత వెర్షనే.

కారణం నా చెయ్యి దురద. ఎత్తుల సర్దుబాటుతో పాటే, పనిలో పనిగా, ఇంజిన్ గడియారం చూసుకునే తీరు కూడా మార్చాను. పాత వెర్షన్ 65,536 స్థానాలు చూశాక గానీ టైమ్ ఎంతైందో చూసుకోదు. కొత్తది ప్రతి 2,048కి చూస్తుంది. చల్లగా ఉన్నప్పుడు నా ల్యాప్‌టాప్ సెకనుకు పది లక్షల స్థానాల వరకు చూస్తుంది కాబట్టి 65,536 అంటే 65 మిల్లీసెకన్లు, ఇబ్బంది లేదు. ఎండకు ప్రాసెసర్ కాగి, తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంది. నాలుగు కోర్ల మీదా గేములు, వాటి మధ్య క్రికెట్. ఆ 65 కాస్తా 200 మిల్లీసెకన్లయింది. గేము చివర్లో చేతిలో మిగిలేది అంతకంటే తక్కువ. గెలిచే ఆటలో కూర్చుని, గడియారం వైపు చూడకుండా ఆలోచిస్తూ, జెండా పడగొట్టుకుంది పాపం పాతది.

ఎస్‌పీఆర్‌టీని తప్పు పట్టడానికి లేదు. ఏది ఎక్కువ గెలుస్తుందని అడిగాను. మే నెల మధ్యాహ్నం మా హాల్లో ఏది ఎక్కువ గెలుస్తుందో అది చెప్పింది. పాత వెర్షన్‌లో కూడా గడియారం ఒక్కటి సరిచేసి, అదే మ్యాచ్‌ను రాత్రి పదింటికి మళ్లీ పెట్టాను. పొద్దున ఏడున్నరకు, 3,300 గేముల దగ్గర, మైనస్ 2.94 దాటి ఆగింది. ఎత్తుల సర్దుబాటు వల్ల ఒరిగిందేమీ లేదు. బజ్జీల డబ్బులు దండగ.

అప్పటినుంచి కొన్ని అలవాట్లు వచ్చాయి. ఒకేసారి మూడు గేములే, నాలుగో కోరు ఖాళీగా ఉండాలి. మ్యాచ్ నడుస్తుంటే బ్రౌజర్ తెరవను. పాసైనా ఫెయిలైనా ముందు టైమ్ అయిపోయి ముగిసిన గేములు ఎన్నో లెక్కపెట్టాకే మిగతాది చూస్తాను. ఒక టెస్ట్‌లో ఒక్కటే మార్పు. ల్యాప్‌టాప్‌కు స్టాండ్ కొందామనుకున్నాను గానీ వంటింట్లో పాత ఇడ్లీ రేకు దొరికింది. బోర్లించి పెడితే గుంటలు పైకి లేచి కింద గాలి బాగా ఆడుతుంది, చిల్లులు ఎలాగూ ఉన్నాయి. వేళచ్చేరి వేసవికి ఇంతకంటే చవకైన కూలర్ లేదు.

ఎస్‌పీఆర్‌టీ మీద నా పాత పొగడ్తలకు కొన్ని సవరణలు కూడా చెప్పాలి. ఆగిన చోట కనిపించే ఎలో అంకెను నమ్మను. ఆధిక్యంలో ఉన్నప్పుడే ఆగుతుంది కాబట్టి పాసైన మార్పుకు ఆ అంకె సాధారణంగా ఉబ్బి ఉంటుంది. పాసా ఫెయిలా అన్నంతవరకే తీసుకుంటాను. అయిదు శాతం పొరపాటు కూడా వినడానికి చిన్నదే గానీ, పనికిరాని మార్పులు ఇరవై పరీక్షిస్తే సగటున ఒకటి పాసైపోతుంది. నేను చేసే మార్పుల్లో పనికిరానివే ఎక్కువ. ఇక సొంత తమ్ముడి మీద చూపించిన ప్రతాపం బయటివాడి మీద చెల్లదు. ఒక ఏడాదిలో పాత వెర్షన్ల మీద పోగేసిన లాభమంతా, వేరేవాళ్ల ఇంజిన్‌తో ఆడిస్తే చాలామటుకు కరిగిపోయింది. తనతో తాను ఆడే మ్యాచుల్లో తేడా పెద్దదిగా కనిపిస్తుందని అందరూ చెప్పేదే. నాకు తగిలాక గానీ ఎక్కలేదు.

ఇంకోటి కూడా ఉంది. ఒకే ఓపెనింగ్‌ను రంగులు మార్చి రెండుసార్లు ఆడించే రిపీట్ సదుపాయం ఇందులో చక్కగా ఉంది. కానీ ఎస్‌పీఆర్‌టీ లెక్కకు వచ్చేసరికి నా దగ్గరున్న వెర్షన్ ఆ రెండు గేములనూ విడివిడిగానే చూస్తుంది. జంటను జంటగా లెక్కిస్తే, ముఖ్యంగా ఒకవైపు మొగ్గు ఉన్న ఓపెనింగ్‌లతో, తక్కువ గేములతో తేలుతుంది. ఇలాంటిదే కొత్తగా వచ్చిన ఫాస్ట్‌చెస్ అనే పనిముట్టు ఆ పని చేస్తుంది. మధ్యలో ఆపిన మ్యాచ్‌ను అక్కడినుంచే కొనసాగిస్తుంది కూడా. నా దగ్గరున్న క్యూట్‌చెస్‌లో ఆపితే మళ్లీ సున్నా నుంచే. రెండు నెలలుగా మారదామనే అనుకుంటున్నాను. నా స్క్రిప్టులన్నీ దీనికి అలవాటుపడ్డాయి, నేనూ పడ్డాను.

కొనేదేమీ లేదు, ఉచితమే కాబట్టి ‘పెట్టిన డబ్బుకు తగినదేనా’ అన్న ప్రశ్నే రాదు. ఖర్చంతా కరెంటుది. ఇక్కడ బిల్లు రెండు నెలలకోసారి వస్తుంది. 500 యూనిట్లు దాటితే రేటే మారిపోతుంది. వేసవిలో ఏసీతో మేం ఎలాగూ ఆ గీత దగ్గరే తచ్చాడుతుంటాం. ల్యాప్‌టాప్ రాత్రిళ్లు నడిస్తే ఆ గీత దాటించిన నింద దాని మీదే పడుతుంది. ఇల్లు, ఇంట్లోవాళ్ల ఓపిక, వాతావరణం, వీటిని బట్టి మీ అనుభవం నాలాగే ఉండకపోవచ్చు.

సొంత ఇంజిన్ లేకుండా, స్టాక్‌ఫిష్ గొప్పదా, దానికి పోటీ ఇంజిన్ లీలా గొప్పదా అని ఇంట్లో తేల్చుకోవాలనుకునేవాళ్లకు ఇది అక్కర్లేదనుకుంటాను. లీలాకు మంచి గ్రాఫిక్స్ కార్డు కావాలి, స్టాక్‌ఫిష్‌కు కోర్లు కావాలి. నాలాంటి ల్యాప్‌టాప్ మీద ఆ పోటీ పెడితే తేలేది ల్యాప్‌టాప్ సంగతే. పైగా ఆ స్థాయి ఇంజిన్లను మామూలు ఓపెనింగ్‌ల నుంచి వదిలితే డ్రాల మీద డ్రాలు. టీసీఈసీ అనే ఇంజిన్ల పోటీల్లో కావాలనే ఒకవైపు మొగ్గున్న ఓపెనింగ్‌లు ఇచ్చి, రంగులు మార్చి ఆడించేది అందుకే. నాలా ఒక్కో లైను మారుస్తూ కూర్చునేవాళ్లకైతే, ప్రస్తుతానికి ఇది లేకుండా గడవదు. నాకు మాత్రం గడవదు.

మా ఇంట్లో ఒక షరతుంది. ఇడ్లీ రేకు ఆదివారం పొద్దున ఏడుకల్లా వంటింటికి చేరాలి. శనివారం రాత్రి పెట్టిన టెస్ట్ ఆలోపు తేలితే తేలినట్టు. పోయిన వారం ఏడుకు చూస్తే ఎల్‌ఎల్‌ఆర్ 2.38 దగ్గరుంది. రేకు ఇచ్చేశాను. ల్యాప్‌టాప్ కింద రెండు టిఫిన్ డబ్బా మూతలు పెట్టి, ఫ్యాన్ ఐదు మీద వేసి, ఒక గేముకు తగ్గించి మళ్లీ మొదటినుంచి పెట్టాను. ఇంకా నడుస్తోంది.