యాక్చురియల్ డిగ్రీనా, మామూలు డిగ్రీతో పాటు పరీక్షలా?

ఎంపీసీ చదివి లెక్కలంటే ఇష్టం ఉన్నవాళ్లకి ముందే ఒక మాట. మన దేశంలో యాక్చువరీ (బీమా, పెన్షన్ల రిస్కుని లెక్కకట్టే నిపుణుడు) అనిపించుకోవాలంటే ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ యాక్చువరీస్ ఆఫ్ ఇండియా పరీక్షలు పాసవ్వాల్సిందే, యూనివర్సిటీ పట్టా ఒక్కటే సరిపోదు. ఆ ఇన్‌స్టిట్యూట్‌లో చేరడానికి రాసే ఎంట్రన్స్ పేరు ఏసెట్. అది ఇంటర్ తర్వాతే రాసేయొచ్చు.

బీఎస్సీ యాక్చురియల్ సైన్స్‌లో లాభం ఏంటంటే, ముప్పై ఏళ్ల మనిషి ఇరవై ఏళ్ల టర్మ్ పాలసీ (ఆ గడువులో చనిపోతేనే డబ్బిచ్చే బీమా) తీసుకుంటే ఏ ఏడాది చనిపోయే అవకాశం ఎంత, అప్పుడిచ్చే డబ్బు విలువ ఈరోజుకి ఎంత, దాన్నిబట్టి ప్రీమియం ఎంత పెట్టాలి అనే లెక్క క్లాసులోనే చేయిస్తారు. ఇన్‌స్టిట్యూట్ పరీక్షల్లో ఇలాంటి లెక్కలుండే సీఎం1 పేపర్లో సగం టెన్షన్ అక్కడే పోతుంది. కానీ ఈ కోర్సు ప్రైవేటు కాలేజీల్లో అయితే ఫీజు బాగానే వాయిస్తారు, పైగా ఇన్‌స్టిట్యూట్ పరీక్షల ఫీజు వేరే.

మ్యాథ్స్, స్టాటిస్టిక్స్‌తో మామూలు డిగ్రీ చేస్తే ఖర్చు తక్కువ, అయితే స్టాటిస్టిక్స్ పేపరైన సీఎస్1 కోసం ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాష, సీఎం1 కోసం ఎక్సెల్ సొంతంగా పట్టాలి. మధ్యలో పరీక్షలు వదిలేసినా డేటా అనలిటిక్స్ వైపు వెళ్లిపోవచ్చు.

ఉద్యోగాలు రెండు దారుల్లోనూ అవే: పాలసీల ధర కట్టడం, క్లెయిములకి ఎంత డబ్బు పక్కన పెట్టాలో (రిజర్వు) లెక్కేయడం, కంపెనీలు ఉద్యోగులకి ఇవ్వాల్సిన గ్రాట్యుటీకి విలువ కట్టడం. ఇంటర్వ్యూలో ముందు అడిగేది ఎన్ని పేపర్లు క్లియర్ చేశావనే. ఇంట్లో డబ్బుకి ఇబ్బంది ఉంటే నేనైతే రెండోదే అంటాను.